బావగారి కంప్యూటర్‌కి పట్టిన దయ్యం

మన సమావేశాల్లో బాణామతి గురించీ, చేతబడి గురించీ, గాల్లోంచి విభూతి తీసే స్వాముల గురించీ గంటలు గంటలు మాట్లాడుకుంటాం. కంప్యూటర్ వైరస్ మాట ఎత్తితే మాత్రం "అది ఇంజనీర్ల గొడవ, హేతువాదానికీ దానికీ ఏం సంబంధం?" అని ఒకరిద్దరు ముఖం పక్కకి తిప్పుకుంటారు. సంబంధం చాలా ఉందని చెప్పడానికే ఈ వ్యాసం. రాన్సమ్‌వేర్ అనేది మనిషిని భయపెట్టి, గడువు పెట్టి, ఆలోచించే సమయం లేకుండా చేసి డబ్బు గుంజే వ్యవహారం. "మూడు రోజుల్లో శాంతి చేయించకపోతే ఇంటి పెద్దకి గండం" అనే జ్యోతిష్కుడి దగ్గర మనం చూసేది ఇదే కదా. ఒక్కటే తేడా. జ్యోతిష్కుడు చెప్పే గండం ఉత్తిది. రాన్సమ్‌వేర్ చేసే నష్టం నిజం. అందుకే ఇక్కడ "అంతా బూటకం, భయపడకండి" అని చేతులు దులుపుకుంటే కుదరదు. ఏది బూటకమో ఏది నిజమో విడదీయాలి.

ముందు కొంచెం చరిత్ర. కంప్యూటర్‌లోని సమాచారానికి తాళం వేసి డబ్బు అడిగిన మొదటి ప్రసిద్ధ ఉదంతం 1989 నాటిది. జోసెఫ్ పాప్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఎయిడ్స్ వ్యాధి సమాచారం అనే పేరుతో దాదాపు 20,000 ఫ్లాపీలు పోస్టులో పంపాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎయిడ్స్ సదస్సుకు వెళ్ళినవాళ్ళకి కూడా అవి అందాయి. ఫ్లాపీలోని ప్రోగ్రామ్ ఎక్కించుకున్న కంప్యూటర్ సుమారు 90 సార్లు ఆన్ అయ్యేదాకా మామూలుగానే ఉండేది. ఆ తర్వాత ఫైళ్ళ పేర్లన్నీ గందరగోళమైపోయి, పనామాలోని ఒక పోస్టుబాక్సుకి 189 డాలర్లు పంపమని తెర మీద నోటీసు వచ్చేది. ఆ తాళం మాత్రం చాలా నాసిరకం. వేసేదీ తీసేదీ ఒకే చెవి, అదీ ఆ ప్రోగ్రామ్‌లోనే దొరికేది. నిపుణులు కొద్ది రోజుల్లోనే దాన్ని విప్పే ప్రోగ్రామ్ రాసి ఉచితంగా పంచారు.

1996లో ఆడమ్ యంగ్, మోటి యంగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరిశోధనా పత్రంలో హెచ్చరించారు. తాళం వేసే చెవి ఒకటి, తీసే చెవి వేరొకటి ఉండే గణిత పద్ధతి దుర్మార్గుల చేతిలో పడితే ఏమవుతుందో వాళ్ళు వివరించారు. మనింట్లో నొక్కితే పడే తాళం లాంటిదది. ఎవరైనా నొక్కి వెయ్యొచ్చు, తియ్యాలంటే మాత్రం చెవి ఉన్నవాడే రావాలి. వేసే పరికరం మీ కంప్యూటర్‌లోకి వస్తుంది గానీ తీసే చెవి నేరగాడి దగ్గర నుంచి కదలదు. 2013లో వచ్చిన క్రిప్టోలాకర్ నుంచి ఈ పద్ధతే రాజ్యమేలుతోంది. 2017 మే 12న మొదలైన వన్నాక్రై దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లని పట్టుకుంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి. గమనించాల్సింది ఏమిటంటే, అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. చేసుకున్నవాళ్ళు బతికిపోయారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాగే పడిపోతే రెండు వారాల పాటు కాగితాల మీద రాసుకుంటూ ఆసుపత్రి నడిపారు.

పోలీసులకీ ఎయిమ్స్‌కీ అయినప్పుడు పేపర్లో చదివి పక్కన పెట్టేస్తాం. 2020 నవంబరులో మా బావగారింట్లో అయింది. ఆయన తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. హేతువాది కారు. దసరాకి కంప్యూటర్‌కి బొట్టు పెట్టి పూజ చేసే మనిషి. ఆయన కంప్యూటర్‌లో ఉన్నవి మూడు. ఒకటి, ఇరవై ఏళ్ళుగా రాస్తున్న తమ ఊరి చరిత్ర. రెండు, కుటుంబం ఫోటోలు. మూడు, మా అక్క గొంతు. అక్క 2018లో పోయింది. అంతకు ముందు రెండేళ్ళ పాటు మా మేనకోడలు వాళ్ళమ్మ చేత పాత కబుర్లు చెప్పించి, దంపుళ్ళ పాటలు పాడించి ఫోన్‌లో రికార్డు చేసింది. అన్నీ కలిపి 41 రికార్డింగులు. వాటిని ఎంపీ3లుగా మార్చి ఆ కంప్యూటర్‌లో పెట్టి, ఫోన్ మార్చినప్పుడు ఫోన్‌లోవి తీసేశారు.

శనివారం సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, ఫైళ్ళన్నీ తెల్లగా అయిపోయాయి. ఏదీ తెరుచుకోవడం లేదు. పేర్ల చివర ఏవో నాలుగు అక్షరాలు వచ్చాయి" అంది. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అనే టెక్స్ట్ ఫైలు ఒకటి ఉంది. అందులో ఉన్నది ఇది: మీ ఫైళ్ళకి తాళం వేశాం, తాళంచెవి ధర 980 డాలర్లు, 72 గంటల్లోపు మాకు ఈమెయిల్ రాస్తే సగానికి సగం తగ్గింపు, అంటే 490 డాలర్లు, డబ్బు కట్టకుండా మీ ఫైళ్ళు ఎప్పటికీ తిరిగి రావు. నమ్మకం కోసం ఒక చిన్న ఫైలు పంపితే ఉచితంగా విప్పి చూపిస్తారట. అప్పటి లెక్కలో 490 డాలర్లంటే 36 వేల రూపాయల పైమాట.

ఫోన్‌లోనే మొదట చెప్పిన పని ఒక్కటే. నెట్ కేబుల్ పీకెయ్, పెన్‌డ్రైవ్‌లూ బయటి హార్డ్‌డిస్కూ ఏవుంటే అవి తీసెయ్. ఎందుకంటే ఈ ప్రోగ్రామ్ తనకి కనబడే డ్రైవులన్నిటినీ వెతుక్కుంటూ పోతుంది. ఫైళ్ళ పేర్లు ఇంకా మన కళ్ళ ముందే మారుతూ ఉంటే అప్పుడు వెంటనే ఆపెయ్యడమే మంచిది. రెండోది, ఆ నోటీసుని ఫోన్‌తో ఫోటో తియ్యమన్నాను. మూడోది, ఏదీ తుడిచెయ్యొద్దు అన్నాను. తాళం పడ్డ ఫైళ్ళు, నోటీసు రెండూ సాక్ష్యాలు. ఏ రకం రాన్సమ్‌వేరో తేల్చుకోవడానికి అవే ఆధారం. అప్పటికే వీధి చివర కంప్యూటర్ షాపు అబ్బాయి వచ్చి "అయిదొందలిస్తే ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసేస్తా" అన్నాడట. అలా చేస్తే వైరస్ పోతుంది, దాంతో పాటు అక్క గొంతూ పోతుంది. వద్దని చెప్పి, పొద్దున్నే బస్సెక్కాను.

నేను చేరేసరికి బావగారు కుర్చీలో కూలబడి ఉన్నారు. "మొన్న దసరాకి పూజ కూడా చేశాం కదయ్యా" అన్నారు. దానికి జవాబు చెప్పే సందర్భం కాదది. మేనకోడలు మాత్రం నోరు విప్పలేదు. అంతకు ముందు రోజు ఏం చేశావమ్మా అంటే "ఏం చెయ్యలేదు" అంది. పల్లెల్లో బాణామతి కేసులకి వెళ్ళినవాళ్ళకి ఈ మౌనం తెలుసు. ఎవరి మీద తోస్తారో అన్న భయం ఉన్న చోట ఎవరూ నిజం చెప్పరు. అబ్రహాం కోవూర్ దయ్యాల కొంపల కేసుల్లో ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా, ఓపిగ్గా మాట్లాడించేవాడని మనం చదువుకున్నాం. నేనూ అమ్మాయిని వంటింట్లోకి పిలిచి "తప్పెవరిదన్నది నాకక్కర్లేదు. ఏ వరసలో ఏం జరిగిందో చెప్పు చాలు, దాన్ని బట్టే వైద్యం" అన్నాను. అప్పుడు చెప్పింది.

లాక్‌డౌన్ వల్ల కాలేజీ ఆన్‌లైన్‌లో నడుస్తోంది. ఒక ప్రాజెక్టుకి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. కొనాలంటే వేలల్లో ఉంది. ఉచితంగా క్రాక్ ఇస్తామన్న సైటు నుంచి దింపుకుంది. యాంటీవైరస్ అడ్డం వస్తుంది, ఆపెయ్యండి అని అక్కడే రాసి ఉంటే ఆపేసింది. తెరిచాక విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక కిటికీ వచ్చింది. అయ్యేదాకా ఆగుదామని టీ తాగడానికి వెళ్ళింది. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి తిరిగొచ్చి చూసేసరికి ఇదీ సంగతి. నాన్నగారు తిడతారని ఒక రోజంతా ఎవరికీ చెప్పలేదు.

ఈ వివరాలతోనే సగం సంగతి తెలిసిపోయింది. క్రాక్ ద్వారా రావడం, దొంగ అప్‌డేట్ కిటికీ, నాలుగక్షరాల తోక, రీడ్‌మీ ఫైలు, 980లో సగం 490. ఇవన్నీ స్టాప్ లేక డెజావు అని పిలిచే కుటుంబం లక్షణాలు. పెద్ద కంపెనీల జోలికి పోకుండా ఇళ్ళలోని కంప్యూటర్లని పట్టి పీడించింది ముఖ్యంగా ఇదే. అయినా అనుమానాన్ని అనుమానంగానే ఉంచి పరీక్షలు చేశాం.

మొదటి ప్రశ్న: ఇది నిజంగా తాళమా, ఉత్త బెదిరింపా? ఈ రెండూ లోకంలో ఉన్నాయి. బ్రౌజర్‌లో తెర నిండా ఎర్ర హెచ్చరిక వేసి, సైరన్ మోగించి, ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యమనేది ఉత్త బెదిరింపు. బ్రౌజర్ మూసేస్తే పోతుంది. పోలీసుల పేరుతో తెరని మాత్రం బిగించేసేవి 2012 ప్రాంతంలో చాలా వచ్చాయి. వాటిలో ఫైళ్ళు లోపల క్షేమంగానే ఉండేవి. మూడో రకం అసలు తాళం. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఒక ఫైలుకి నకలు తీసి, ఆ నకలు పేరులోంచి కొత్త తోక తీసేసి తెరిచి చూశాం. తెరుచుకుంటే పేరు మాత్రమే మార్చారన్నమాట. తెరుచుకోలేదు. అంటే లోపలి సరుకే మారింది. పరీక్ష నకలు మీద చేశామని గమనించండి, అసలు ఫైలు మీద కాదు.

రెండో ప్రశ్న: ఏ రకం? నా లాప్‌టాప్ నుంచి ఐడీ రాన్సమ్‌వేర్ అనే ఉచిత సైటుకి ఆ నోటీసునీ, సొంత విషయాలేవీ లేని ఒక ఫైలునీ పంపాం. నో మోర్ రాన్సమ్ అని ఇంకొకటుంది. 2016 జులైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా కంపెనీలు కలిసి మొదలుపెట్టారు. అక్కడ కూడా అడిగాం. రెండూ డెజావు అనే చెప్పాయి.

మూడో ప్రశ్న: ఉచితంగా తీసే చెవి ఉందా? 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ ఈ కుటుంబంలోని 148 పాత రకాలకి విరుగుడు ఇచ్చింది. కానీ 2019 ఆగస్టు తర్వాత వచ్చిన రకాల్లో నేరగాళ్ళు గట్టి తాళం వాడారు. అందులో మళ్ళీ ఒక తిరకాసు ఉంది. తాళం వేసే సమయంలో నేరగాడి సర్వర్ అందకపోతే ఆ ప్రోగ్రామ్ తనలో ఉన్న ఒకే తాళాన్ని అందరికీ వేస్తుంది. నోటీసులోని ఐడీ చివర "టీ1" అని ఉంటే అదన్నమాట. అలాంటి చెవి ఎవరో ఒకరి దగ్గర దొరికితే మిగతా బాధితులందరికీ పనికొస్తుంది. బావగారి ఐడీ చివర అది లేదు. అంటే ఆయన తాళం ఆయన ఒక్కడికే వేసింది. దాన్ని లెక్కలు చేసి విప్పడం ఈనాటి ఏ కంప్యూటర్ వల్లా కాదు.

ఇంకా రెండు తలుపులు తట్టాం. విండోస్ తనంతట తాను దాచుకునే పాత నకళ్ళని రాన్సమ్‌వేర్ ముందే తుడిచేసింది. ఇవన్నీ అలాగే చేస్తాయి. బావగారికి ఒక బయటి హార్డ్‌డిస్క్ ఉంది, బ్యాకప్ కోసమే కొన్నది. కానీ అది మూడేళ్ళుగా కంప్యూటర్‌కే తగిలించి ఉంది. అందులోనూ అన్నిటికీ అదే తోక. ఇంటి తాళంచెవి ఆ తాళానికే వేలాడదీసినట్టు.

అప్పుడు బావగారు అడిగారు. "ఒక ఫైలు ఉచితంగా తీసి చూపిస్తామంటున్నారు కదా. చూపిస్తే నమ్మొచ్చా?"

ఇది మంచి ప్రశ్న. ఇక్కడ రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. ఒక ఫైలు తీసి చూపిస్తే వాళ్ళ దగ్గర చెవి ఉందని రుజువవుతుంది. డబ్బు తీసుకున్నాక ఆ చెవి ఇస్తారని రుజువు కాదు. స్వామి ఒకడు మీ జేబులో నోటు నంబరు చెప్పాడనుకోండి, అతనికి ఒక గారడీ వచ్చని తెలుస్తుంది, మీ రోగం నయం చేస్తాడని తెలియదు. అయితే రెండో వైపు కూడా చెప్పాలి. డబ్బు కట్టి ఫైళ్ళు వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అసలు ఎవరికీ ఇవ్వకపోతే వాళ్ళ వ్యాపారమే నడవదు. కట్టి మోసపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ సంగతే బావగారికి చెప్పాను: రావచ్చు, రాకపోవచ్చు, రాకపోతే అడగడానికి ఏ దిక్కూ లేదు, కట్టిన ప్రతి రూపాయీ ఇంకో ఇంటి మీద దాడికి పెట్టుబడి అవుతుంది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ అక్క గొంతు ముప్ఫై ఆరు వేలు చెయ్యదా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. సంఘంలోని ఒక మిత్రుడికి ఫోన్ చేస్తే "నేరగాళ్ళకి పైసా కూడా ఇవ్వకూడదు, సూత్రం అంటే సూత్రమే" అన్నాడు. సూత్రం మంచిదే, నేనూ దాన్నే నమ్ముతాను. కానీ సూత్రం మనది, గొంతు ఆయన భార్యది. పోగొట్టుకునేది వేరొకరైనప్పుడు మనం నినాదాలు ఇవ్వడం చాలా సులభం. "నిర్ణయం మీది బావగారూ. గడువులో ఇంకా 36 గంటలుంది. ఆ గడువు వాళ్ళు మనల్ని తొందరపెట్టడానికి పెట్టింది, మనం దాన్ని వెతకడానికి వాడుకుందాం. చివరి గంటలో కూడా మీరు కట్టాలనుకుంటే నేను అడ్డుపడను" అన్నాను.

ఆ మధ్యలో ఇంకో పెద్దమనిషి తగిలాడు. ఇంటర్నెట్‌లో దొరికిన "డేటా రికవరీ నిపుణుడు". నూటికి నూరు శాతం గ్యారంటీ, 25 వేలు, ముందే కట్టాలి. ఎలా తీస్తారండీ అంటే "అది మా రహస్య పద్ధతి" అన్నాడు. అయితే ముందు ఒక్క ఫైలు తీసి చూపించండి అంటే ఫోన్ పెట్టేశాడు. రాన్సమ్‌వేర్ దొంగ కనీసం ఒక ఫైలు చూపిస్తానన్నాడు, ఇతగాడు అదీ లేదు! మరోలాంటివాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో కొన్ని రికవరీ కంపెనీలు సొంత పరిజ్ఞానంతో విప్పుతున్నామని చెప్పి, లోపాయికారీగా నేరగాళ్ళకే డబ్బు కట్టి, పైన తమ వాటా వేసుకుంటున్నాయని 2019లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. దయ్యం ఒకడు, భూతవైద్యుడు ఒకడు, ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటున్నారన్నమాట.

ఆదివారం రాత్రి ఈ డెజావు గురించి నిపుణులు రాసిన విశ్లేషణలు చదువుతూ కూర్చున్నాం. అందులో ఒక వాక్యం దగ్గర మేనకోడలు ఆగింది. ఈ ప్రోగ్రామ్‌కి తొందరెక్కువ. దొరికిపోయేలోపు వేలాది ఫైళ్ళు పాడుచెయ్యాలి కాబట్టి ప్రతి ఫైలునీ మొత్తంగా కాక మొదటి 150 కిలోబైట్లు మాత్రమే మారుస్తుంది. వర్డ్ ఫైలు సాధారణంగా అంతకంటే చిన్నది, పూర్తిగా పోతుంది. ఫోటోకి మొదటి భాగంలోనే ముఖ్యమైన వివరాలుంటాయి, అది పోతే మిగిలింది ఉన్నా తెరుచుకోదు. మరి ఎంపీ3?

ఎంపీ3 పాట ఒక రైలు లాంటిది. చిన్న చిన్న పెట్టెలు వరసగా ఉంటాయి, ప్రతి పెట్టెకీ దాని వివరాలు దాని మీదే రాసి ఉంటాయి. ముందు పది పెట్టెలు కాలిపోయినా పదకొండో పెట్టె నుంచి ప్లేయర్ చదువుకోగలదు. అక్క రికార్డింగులు సెకనుకి 128 కిలోబిట్లవి. అంటే సెకనుకి 16,000 బైట్లు. 150 కిలోబైట్లంటే 1,53,600 బైట్లు. భాగిస్తే 9.6 సెకన్లు. సోమవారం పొద్దున్న ఒక ఫైలుకి నకలు తీసి, మొదటి 1,53,600 బైట్లు కత్తిరించి, ప్లేయర్‌లో పెట్టాం. ఒక్క క్షణం గరగరమంది. తర్వాత మా అక్క మాట్లాడింది. మధ్యలో, వాక్యం సగంలో, చింతకాయ పచ్చడి ఏ నెలలో పెట్టాలో చెబుతోంది.

41లో 39 వచ్చాయి. రెండు మరీ చిన్నవి, పది సెకన్లు కూడా లేవు, అవి పోయాయి. వచ్చిన వాటిలో కూడా మొదటి తొమ్మిదిన్నర సెకన్లు లేవు. ప్రతి రికార్డింగు మొదట్లో వాళ్ళమ్మ "అవుతోందా? ఎర్ర చుక్క వచ్చిందా?" అని అడిగేదట. ఆ మాట ఇప్పుడు ఒక్కదాంట్లో కూడా లేదని మేనకోడలు చెప్పింది.

ఆ సాయంత్రం బావగారు డబ్బు కట్టనన్నారు. కట్టినా గ్యారంటీ లేనప్పుడు మిగతా వాటి కోసం అంత పెట్టను అన్నారు. ఆయన లెక్క ఆయన చేసుకున్నారు. రికార్డింగులు దొరక్కపోతే బహుశా కట్టేవారు. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకుందని నేననుకోను.

మిగతా నష్టం సంగతి కూడా చెప్పాలి. ఊరి చరిత్రలో మొదటి తొమ్మిది అధ్యాయాలు ప్రెస్సుకి పంపిన పీడీఎఫ్‌లు ఈమెయిల్‌లో దొరికాయి. చివరి మూడూ కంప్యూటర్‌లో మాత్రమే ఉండేవి. చేతిరాత నోట్సు నుంచి రెండు మళ్ళీ రాశారు. మూడోది, అందులో మాట్లాడిన ముసలివాళ్ళు కొందరు ఇప్పుడు లేరు, రాయలేకపోయారు. ఫోటోల్లో బంధువుల ఫోన్లలో వాట్సాప్‌కి పంపినవి మాత్రం పోగయ్యాయి. తాళం పడ్డ ఆ డిస్కుని మొత్తం నకలు తీసి బీరువాలో పెట్టాం. ఇది మూఢనమ్మకం కాదు. క్రిప్టోలాకర్ ముఠాని 2014లో పోలీసులు దెబ్బతీసినప్పుడు చెవులు దొరికాయి. టెస్లాక్రిప్ట్ ముఠా 2016 మేలో దుకాణం మూసేస్తూ తానే చెవి బయటపెట్టింది. బావగారి ఐడీకి ఇప్పటిదాకా రాలేదు. ఏడాదికోసారి చూస్తుంటాను.

కంప్యూటర్‌ని అప్పుడు, ఆ తర్వాతే, పూర్తిగా తుడిచి కొత్తగా పెట్టాం. ఇంకో పని చాలామంది మర్చిపోతారు. డెజావు తనతో పాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌లని కూడా తెస్తుంది. అందుకని వేరే కంప్యూటర్ నుంచి బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం. కేంద్ర ప్రభుత్వపు సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద ఇది నేరం. ఖాతాలోంచి డబ్బు కూడా పోయి ఉంటే ఇప్పుడు 1930 నంబరుకి వెంటనే ఫోన్ చెయ్యాలి.

ఇక మనం నేర్చుకోవాల్సినవి. పాఠాలు చెప్పడం నాకిష్టం లేదు గానీ ఇవి పాఠాలు కావు, పనులు.

1. బ్యాకప్ తీసి, డిస్కుని విడదీసి వేరే చోట పెట్టండి. తగిలించి ఉన్నది బ్యాకప్ కాదు. ముఖ్యమైన వాటికి మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి కొన్ని రోజుల పాటు పాత ప్రతులు ఉంచుతాయి కాబట్టి ఆ గడువులోపు వెనక్కి వెళ్ళొచ్చు.

2. అప్‌డేట్‌లు వచ్చినవి వచ్చినట్టు చేసుకోండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతున్నవాళ్ళు ఆలోచించుకోవాలి.

3. విండోస్ ఫైళ్ళ తోకలని దాచిపెడుతుంది. వాటిని కనబడేలా పెట్టుకోండి. పీడీఎఫ్ బొమ్మ వేసుకుని వచ్చే ప్రోగ్రామ్ అప్పుడు పట్టుబడుతుంది.

4. విండోస్ సెక్యూరిటీలో కొన్ని ఫోల్డర్లని తెలియని ప్రోగ్రామ్‌లు ముట్టుకోకుండా కాపాడే సదుపాయం 2017 నుంచి ఉంది. మామూలుగా ఆపి ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి.

5. క్రాక్‌లు మానండి. తెలుగు డీటీపీ లోకం ఏళ్ళ తరబడి క్రాక్‌ల మీదే నడిచిందని అందరికీ తెలుసు. "పదేళ్ళుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు" అనేది "పదేళ్ళుగా తాయెత్తు కట్టుకున్నాను, పాము కరవలేదు" అన్న వాదన లాంటిదే. ఇప్పుడు యూనికోడ్ ఉంది, ఉచిత తెలుగు ఫాంట్లున్నాయి, లిబ్రే ఆఫీస్, స్క్రైబస్ ఉన్నాయి. వీడియోకి షాట్‌కట్, కెడెన్‌లైవ్ ఉన్నాయి. మా మేనకోడలు ఇప్పుడు షాట్‌కట్టే వాడుతోంది. ఏ సాఫ్ట్‌వేరైనా యాంటీవైరస్ ఆపమని అడిగితే అక్కడే ఆగండి. ఇంటికొచ్చినవాడు ముందు కుక్కని కట్టెయ్యమంటే మనం ఎందుకని అడగమూ?

6. ఇంట్లో పిల్లలకి ఒక మాట ముందే చెప్పి పెట్టండి: కంప్యూటర్‌లో ఏం జరిగినా వెంటనే చెప్పు, ఎవరూ తిట్టరు. ఆ అమ్మాయి శుక్రవారం రాత్రే చెప్పగలిగి ఉంటే మాకు ఇంకో రోజు చేతిలో ఉండేది. భయం ఉన్న ఇంట్లో సాక్ష్యం దాక్కుంటుంది. కారణం వెతకడం వేరు, నింద వెయ్యడం వేరు. ఈ తేడాని పల్లెల్లో బాణామతి గురించి చెప్పేటప్పుడు మనం బాగానే వివరిస్తాం, మన ఇళ్ళల్లో కూడా పాటించాలి.

చివరగా ఒక పరీక్ష. "మా ఇంట్లో బ్యాకప్ ఉంది" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. బావగారూ అలాగే అనేవారు. ఈ ఆదివారం ఆ డిస్కు తీసి, వేరే కంప్యూటర్‌లో పెట్టి, ఏదైనా ఒక పాత ఫోటోనో, పాటనో తెరిచి చూడండి. తెరుచుకుంటే ఉన్నట్టు. అంతదాకా అది మన నమ్మకం మాత్రమే, నమ్మకాల సంగతి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు.